ఒక్క నిమిషం ఆగితే

కిందటేడు ఏప్రిల్లో అరకు వెళ్ళినప్పుడు ఓ పదిహేనేళ్ళ కుర్రాడు నాకు తుపాకి పాఠం చెప్పాడు. అరుగు మీద కూర్చుని ఫోన్లో కాల్పుల ఆట ఆడుతున్నాడు వాడు. నేను పక్కన చేరి, "అదేంట్రా, మనిషి అక్కడుంటే నువ్వు వాడి నెత్తి మీద ఎక్కడో గురి పెడుతున్నావు?" అన్నాను. వాడు తలెత్తకుండానే, "దూరం ఎక్కువుంటే తూటా కిందకి జారిపోద్ది సార్. అందికే పైకెట్టాల" అన్నాడు. ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో ప్రొజెక్టైల్ మోషన్ చాప్టరు నాకెంత కష్టంగా ఎక్కిందో గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది :)

వాడి తాత పక్కనే మంచం మీద కూర్చుని ఇదంతా వింటున్నాడు. కుడి చెయ్యి తువ్వాలు కింద ఉంది. ఎప్పుడూ అలాగే ఉంటుంది.

"ఆ ఆటలో తుపాకి ఎప్పుడైనా పేలకుండా ఉంటదేటిరా?" అని అడిగాడు.

"పేలకపోడమేటి తాతా! నొక్కితే పేలద్ది" అన్నాడు మనవడు.

తాత ఇంకేం అనలేదు. నేనూ ఏం అనలేదు. కానీ హైదరాబాదు తిరిగొచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ఈ టపా. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు నా సంగతి చెప్పాలి. మా నాన్నగారు బడి పంతులు. 1980ల్లో ఆయనకి అరకు దగ్గర ఓ ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగం. ఊరి పేరు రాయను, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. నా చిన్నతనం నాలుగేళ్ళు అక్కడే గడిచింది. కిరండోల్ పాసెంజర్లో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళడం, శిమిలిగుడ స్టేషన్లో సముద్రమట్టానికి ఎంతెత్తులో ఉన్నామో బోర్డు మీద చదవడం (996 మీటర్ల పైచిలుకు), సంతలో అడ్డాకులో పెట్టిచ్చిన పనసతొనలు తినడం... ఇవన్నీ నా సొంత ఆస్తి.

ఇప్పుడు తువ్వాలు కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్న ఆ తాతని అప్పట్లో నేను "మామా" అని పిలిచేవాణ్ణి. ఇప్పుడూ అంతే. ఆయనకప్పుడు ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మా ఇంటికి కట్టెలు, తేనె, జీలుగు కల్లు (అది నాన్నగారికి కాదు, అప్పుడప్పుడూ వచ్చే బంధువులకి అని అమ్మ నమ్మకం) తెచ్చేవాడు. ఆ కొండల్లో ఎవరి చెట్టు ఎప్పుడు గీతకొస్తుందో, ఏ గెడ్డలో నీళ్ళు ఎప్పుడు పెరుగుతాయో అన్నీ ఆయన వేళ్ళ మీద ఉండేవి. ఆయన దగ్గర ఓ నాటు తుపాకి కూడా ఉండేది.

సరే, ఇక్కడ ఆయన్ని కాసేపు ఆపి 2007కి వెళ్దాం.

ఆ ఏడు నేను ఆన్‌సైట్లో మినియాపోలిస్‌లో ఉన్నాను. మా టీములో ఓ అమెరికన్ పెద్దాయన ఉండేవాడు, డేటాబేసు మనిషి. నవంబరు వచ్చిందంటే సెలవు పెట్టి జింకల వేటకి పోయేవాడు. అక్కడది చట్టబద్ధం. లైసెన్సు, సీజను, ఎన్ని కొట్టొచ్చు అన్నీ రాసి ఉంటాయి. మనకి సంక్రాంతి సెలవులెలాగో వాళ్ళకి అదలాగ. ఆయన లాప్‌టాప్‌లో ఓ చిన్న ప్రోగ్రాము ఉండేది. అందులో ఉష్ణోగ్రత, గాలి పీడనం, తేమ, గాలి వేగం, దిక్కు, తూటా బరువు ఇస్తే ఎంత దూరంలో తూటా ఎన్ని అంగుళాలు కిందకి దిగుతుందో, ఎంత పక్కకి పోతుందో చెప్పేది.

నేను ఊరుకుంటానా? అరకు అంకెలు ఇచ్చి చూశాను. అప్పుడు మొదటిసారి తెలిసిన విషయాలు కొన్ని చెప్తాను. మనలో చాలామంది తలకిందులుగా అనుకునేవే.

మొదటిది తేమ. తేమ గాలి "బరువుగా" ఉంటుందని, అందులో తూటా నెమ్మదిస్తుందని అనుకుంటాం. నిజం దానికి వ్యతిరేకం. నీటి ఆవిరి అణువు నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల కంటే తేలిక. కాబట్టి తేమగా ఉన్న గాలి పొడి గాలి కంటే కొంచెం పల్చన. కొంచెం అంటే ఎంత? 30 డిగ్రీల ఎండలో తేమ నూటికి నూరు ఉన్నా తేడా రెండు శాతం లోపే. విశాఖలో మనకి ఉక్కపోస్తుంది గానీ తూటాకి పొయ్యదు.

రెండోది ఎత్తు, చలి. ఎత్తుకి వెళ్ళే కొద్దీ గాలి పల్చబడుతుంది, తూటాకి అడ్డు తగ్గుతుంది. ఇది అందరికీ తెలుసు. కానీ చలి గాలిని చిక్కబరుస్తుంది. ఈ రెండూ ఎదురెదురు. నేను లెక్క వేస్తే తమాషా అయిన జవాబు వచ్చింది. మే నెల మిట్టమధ్యాహ్నం విశాఖ బీచిలో 36 డిగ్రీలున్నప్పుడు ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.13 కిలోలు. డిసెంబరు తెల్లవారుజామున అరకులో 6 డిగ్రీలున్నప్పుడు కూడా దాదాపు అంతే! తొమ్మిది వందల మీటర్లు ఎక్కి సంపాదించిన పల్చదనాన్ని చలి మొత్తం తినేసిందన్నమాట. అదే అరకులో ఏప్రిల్ మధ్యాహ్నం 34 డిగ్రీలుంటే 1.03కి పడిపోతుంది. అంటే ఒకే ఊళ్ళో, ఒకే కొండ మీద, ఋతువు మారితే తూటాకి ఎదురయ్యే గాలి తొమ్మిది శాతం తేడా.

మూడోది మందు వేడి. ఇది గాలికి సంబంధించింది కాదు, తూటాలో ఉన్న మందుకి సంబంధించింది. వేడిగా ఉన్న మందు చురుగ్గా కాలుతుంది, చల్లగా ఉన్నది మందకొడిగా కాలుతుంది. మామూలు రైఫిల్ మందుకి ఒక్కో ఫారెన్‌హీట్ డిగ్రీకి తూటా వేగం సెకనుకి ఓ అడుగు అటూ ఇటూ మారుతుందని ఓ మోటు లెక్క. ఈ గొడవ మన దేశంలో తెల్లదొరలకి బాగా అనుభవమే. 1889లో పేటెంటు తీసుకున్న కార్డైట్ అనే పొగలేని మందుతో ఇంగ్లండులో తూటాలు తయారుచేసి ఇక్కడికి తెచ్చుకునేవారు. చల్లటి దేశంలో సరిపోయిన మోతాదు మన ఎండలో ఎక్కువైపోయేది. పీడనం పెరిగి ఖాళీ తొడుగు తుపాకిలోనే బిగుసుకుపోయి బయటికి వచ్చేది కాదు. ఎదురుగా పులి ఉన్నప్పుడు ఇలాంటి బగ్ వస్తే దాన్ని ఏ సివియారిటీలో వెయ్యాలో మీరే చెప్పండి. అందుకని కైనోక్ లాంటి కంపెనీలు వేడి దేశాల కోసం మోతాదు తగ్గించిన తూటాలు విడిగా అమ్మేవి. ఎన్విరాన్‌మెంటుని బట్టి కాన్ఫిగరేషన్ మార్చడం వందేళ్ళ కిందటే ఉందన్నమాట.

నాలుగోది అడ్డగాలి. వీటన్నిట్లోకీ పెద్దది ఇదే. గంటకి పదహారు కిలోమీటర్ల అడ్డగాలి, అంటే మొహానికి హాయిగా తగిలే గాలి, మూడొందల మీటర్ల దూరంలో మంచి రైఫిల్ తూటాని కూడా ఓ జానెడు పక్కకి నెట్టేస్తుంది.

ఇదంతా చూసి నాకు భలే సరదా వేసింది. ఆ సాయంత్రమే మామ నాటు తుపాకి అంకెలు వేసి చూశాను. అక్కడ తుస్సుమంది.

ఎందుకంటే నాటు తుపాకితో మూడొందల మీటర్ల దూరం ఎవరూ కొట్టరు. ముప్ఫై మీటర్లంటేనే ఎక్కువ. గుండు సెకనుకి మూడొందల మీటర్ల వేగంతో వెళ్తుందనుకుంటే ముప్ఫై మీటర్లకి పట్టేది సెకనులో పదో వంతు. ఆ లోపు భూమి దాన్ని లాగేది ఐదు సెంటీమీటర్లు. గాలి తొమ్మిది శాతం మారినా ఆ ఐదు సెంటీమీటర్లలో మిల్లీమీటరు తేడా కూడా రాదు. ఉష్ణోగ్రత, పీడనం, తేమ... అంత కష్టపడి ఇచ్చిన ఇన్‌పుట్లన్నీ ఒక్క దెబ్బకి గంగలో కలిశాయి.

మరి కొండ మీద వేటగాడికి వాతావరణంతో పనే లేదా? ఉంది. బోలెడంత ఉంది. కానీ అది గురి లెక్కల్లో లేదు.

గాలి సంగతే చూడండి. ఆయనకి గాలి అంటే గుండుని నెట్టేది కాదు, మనిషి వాసనని మోసుకెళ్ళేది. పొద్దెక్కాక ఎండకి కొండవాలు వేడెక్కితే గాలి లోయ నుంచి పైకి పోతుంది. పొద్దు వాలాక చల్లబడిన గాలి పై నుంచి కిందకి దిగుతుంది. కాబట్టి పొద్దున్న ఎటువైపు నుంచి వెళ్ళాలో, సాయంత్రం ఎటువైపు నుంచి వెళ్ళాలో వేరు. మామ చిటికెడు దుమ్ము తీసి వేళ్ళ మధ్య నుంచి వదిలి చూసేవాడు. ఆయన వాతావరణ శాఖ అదే. అలాగే వాన. ఎండుటాకులు కాలి కింద అప్పడాల్లా చప్పుడవుతాయి. ఓ జల్లు పడితే మెత్తబడిపోయి అడుగు వినపడదు. అందుకని వేటగాడికి వాన చుట్టమే. కానీ ఆయన భుజానున్న తుపాకికి ఆ వానే శత్రువు. అసలు చిక్కంతా ఈ రెండింటి మధ్యే ఉంది.

నాటు తుపాకికి తూటా ఉండదు. మూతి నుంచే గొట్టంలోకి మందు పోసి, చింకిగుడ్డో నారో కూరి, గుళ్ళు వేసి, చువ్వతో దట్టిస్తారు. వెనకాల చిన్న కన్నం, దాని మీద టోపీ లాంటి పేలుడు బిళ్ళ. మీట నొక్కితే టోపీ పేలి, ఆ నిప్పు కన్నం లోంచి లోపలికి వెళ్ళి మందుని అంటుకోవాలి. ఆ మందులో ఉండేది సూరేకారం, గంధకం, బొగ్గు. (దీన్ని ఇంగ్లీషులోంచి మక్కీకి మక్కీ దింపితే "నల్లమందు" అవుతుంది. ఆ పేరుతో మనకి వేరే సరుకుంది కాబట్టి తుపాకి మందు అనే అందాం.)

శుద్ధమైన సూరేకారం అంత తొందరగా చెమ్మ పీల్చదు. గాలిలో తేమ తొంభై శాతం దాటితే తప్ప దానికి పట్టదు. కానీ నాటు సరుకులో కలిసుండే వేరే లవణాలు, మామూలు ఉప్పులాగే, చిన్న తేమకే చెమర్చేస్తాయి. బొగ్గు సంగతి చెప్పక్కర్లేదు, అది పుట్టడమే పీల్చడానికి పుట్టింది. ఇంకో సంగతి ఉంది. ఒకసారి పేల్చాక గొట్టంలో మిగిలే మసి కూడా నీళ్ళు తాగుతుంది. వానాకాలంలో ఓ గంటకల్లా అది బురదలా మారి ఆ చిన్న కన్నాన్ని మూసేస్తుంది. అప్పుడు టోపీ పేలుతుంది, నిప్పు లోపలికి పోదు. లేదా పోతుంది... కానీ ఆలస్యంగా.

ఈ "ఆలస్యంగా" అన్న మాట గుర్తుపెట్టుకోండి.

లోహపు తూటా వచ్చాక ప్రపంచంలో ఈ బాధ చాలావరకు తీరిపోయింది. ఇత్తడి తొడుగులో మందు, టోపీ, గుండు మూడూ బిగించేస్తే చెమ్మ దూరే సందు ఉండదు. అల్లూరి సీతారామరాజు 1922లో ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడి తుపాకులు, తూటాలు పట్టుకుపోయిన సంగతి మనందరికీ తెలుసు. మన్యంలో ఆగస్టు అంటే ముసురు నెల. విల్లంబులూ, మూతి నుంచి మందు కూరే తుపాకులూ ఉన్న మనుషులకి ఆ ముసురులో పోలీసు తూటా ఎంత విలువైందో నాకు చిన్నప్పుడు పాఠంలో ఎవరూ చెప్పలేదు. ఇది చరిత్రకారుల మాట కాదు, నా ఊహ. కానీ ఓ నాటు తుపాకి వానలో ఎలా ఉంటుందో చూసినవాడిగా నాకలా అనిపిస్తుంది.

ఇక చూసిన సంగతి.

చైత్రంలో అరకు, పాడేరు వైపు ఇటుకల పండుగ చేస్తారు. విత్తనాలకి పూజ, రాత్రంతా ధింసా, మగవాళ్ళంతా కలిసి వేటకి పోవడం. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి వచ్చే బండ్లని ఆపి చందాలు వసూలు చేస్తారు. మీలో ఎవరైనా ఏప్రిల్లో అరకు వెళ్ళుంటే ఇచ్చే ఉంటారు. సరిహద్దు దాటితే కొరాపుట్ వైపు దీన్నే చైత్ పరబ్ అంటారు. రెండు వైపులా ఓ ఆచారం ఉంది. వేటకెళ్ళిన మగవాళ్ళు వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేస్తారు. అంతా సరదాకే. ఆ నాలుగు రోజులూ ఊరు ఊరంతా నవ్వులే.

చైత్రం అంటే ఎండలే గదా, మందు తడవడం ఏంటి అంటారేమో. ఆ కొండల్లో ఏప్రిల్ మధ్యాహ్నాలు నమ్మదగ్గవి కావు. పొద్దున్నంతా నిప్పులు చెరుగుతుంది. మూడు దాటగానే మబ్బు కమ్మి, ఉరుములు మెరుపులతో ఓ గంట కుండపోతగా కురిసి వెళ్ళిపోతుంది. వడగళ్ళు కూడా పడతాయి.

1987. నాకు పదేళ్ళు. వేటకి వెళ్ళినవాళ్ళు మూడో రోజు సాయంత్రం వచ్చారు. అప్పుడే వాన వెలిసింది. అందరూ తడిసి ముద్దయి ఉన్నారు. చేతుల్లో ఏమీ లేదు. ఊరి చివర చింతచెట్టు కింద ఆడవాళ్ళు కుండల్లో పేడనీళ్ళు కలిపి సిద్ధంగా ఉన్నారు. పిల్లలం మేము వాళ్ళ వెనకాల.

మామ అందరికంటే ముందున్నాడు. ఊళ్ళోకి అడుగు పెట్టేముందు గాల్లోకి ఓ దెబ్బ పేల్చాలనుకున్నాడు. జంతువు లేకపోయినా చప్పుడైనా ఉండాలి గదా. తుపాకి ఎత్తి మీట నొక్కాడు.

టప్.

టోపీ ఒక్కటే పేలింది. తుపాకి పేలలేదు.

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ఎవరో ఏదో అన్నారు, వాళ్ళ భాషలో, నాకు సగమే అర్థమైంది. నేను కూడా, "మామా! నీ తుపాక్కి జలుబు చేసింది!" అని అరిచాను. అందరూ ఇంకా నవ్వారు. నా మాటకి అంతమంది నవ్వడం నా జీవితంలో అదే మొదలు. మామా నవ్వాడు. నవ్వుతూ తుపాకి దింపి, మడమ నేల మీద ఆనించి, గొట్టం మూతి మీద కుడి అరచెయ్యి పెట్టి దాని మీద వాలాడు. అలిసిపోయిన మనిషి చేతికర్ర మీద వాలినట్టు. నా వైపే చూస్తున్నాడు.

అప్పుడు పేలింది.

మీట నొక్కిన తరవాత నాలుగైదు సెకన్లు గడిచుంటాయి. తడిసిన మందులో ఎక్కడో ఓ నిప్పు రవ్వ అంతసేపూ నెమ్మదిగా దారి వెతుక్కుంటూ ఉందన్నమాట.

ఆ తరవాత సంగతులు ఎక్కువ రాయను. నాన్నగారు తన పంచె చింపి కట్టు కట్టారు. ఎవరిదో జీపులో కొండ దింపారు. ప్రాణం దక్కింది. మూడు వేళ్ళు, అరచేతిలో సగం పోయాయి. తల కాస్త ముందుకి వంగి ఉంటే ఇప్పుడు ఇది చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. రెండు నెలల తరవాత మామ మా ఇంటికి వచ్చాడు, ఎడమ చేత్తో తేనె సీసా పట్టుకుని. మళ్ళీ జీలుగు చెట్టు మాత్రం ఎక్కలేదు. గీసే చెట్లు తమ్ముడికి ఇచ్చేశాడు. ఆ ఊళ్ళో మగవాడికి చెట్టు ఎక్కలేకపోవడం అంటే ఏంటో మనకి అర్థం కావాలంటే, పొద్దున్న లేచేసరికి కీబోర్డు మీద చెయ్యి ఆడకపోవడం ఊహించుకోవాలి. నా జలుబు జోకు గురించి నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరికీ గుర్తు కూడా లేదేమో. నాకుంది.

మళ్ళీ మినియాపోలిస్. 2007 నవంబరు చివర్లో మా డేటాబేసు పెద్దాయన రెండో విడత సెలవు పెట్టాడు. అక్కడ మామూలు సీజను అయ్యాక మూతి నుంచి మందు కూరే పాతరకం తుపాకులకి వేరే సీజను ఉంటుంది. ఆ మాట విని నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. అరకులో పేదవాడి తుపాకి అక్కడ సరదా తుపాకి! ఆయనకి మామ కథ మొత్తం చెప్పాను. ఆయన నవ్వలేదు. కాసేపాగి ఇలా అన్నాడు: "మీట నొక్కాక పేలకపోతే మూతి ఎవరూ లేని వైపు ఉంచి కనీసం ఒక నిమిషం కదలకుండా నిలబడాలి. మాకు వేట నేర్పే క్లాసులో ఇది చెప్తారు. పన్నెండేళ్ళ పిల్లలు కూడా ఈ పరీక్ష రాస్తారు."

ఒక నిమిషం. అంతే.

ఆ దేశంలో పన్నెండేళ్ళ పిల్లాడికి తెలిసిన విషయం, అడవిలో పుట్టి పెరిగిన మా మామకి ఎవరూ చెప్పలేదు. ఆయన దుమ్ము వదిలి గాలి చూడగలడు. ఆకు తిరగేసి వాన చెప్పగలడు. తుపాకి పేలకపోవడం ఆయనకి కొత్త కూడా కాదు, వానాకాలంలో మూడింట ఒకటి అలాగే పోయేదట. అందుకే "పేలలేదు" అంటే "అయిపోయింది" అనుకున్నాడు. అలవాటైన ఫెయిల్యూరుని మనం పట్టించుకోం.

ఇది చదువుతున్న మీలో చాలామంది చేసేది నేను చేసే పనే కాబట్టి ఈ ముక్క మీకు వేరేగా విప్పి చెప్పక్కర్లేదు. అయినా చెప్తాను. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఓ చోట డబ్బు చెల్లింపుల సర్వీసు ఉండేది. అవతలి నుంచి ముప్ఫై సెకన్లలో జవాబు రాకపోతే ఫెయిల్ అయినట్టు లెక్కేసి మళ్ళీ పంపేది. ఓ రోజు అవతలి వాళ్ళ సిస్టం నెమ్మదించింది. చచ్చిపోలేదు, నెమ్మదించింది. మేము ఫెయిల్ అనుకున్న ప్రతి చెల్లింపూ అక్కడ ఆలస్యంగా జరిగింది, మళ్ళీ పంపింది కూడా జరిగింది. జనాల ఖాతాల్లో రెండేసిసార్లు డబ్బు కోత పడింది. ఆ రాత్రి వార్ రూములో అందరూ లాగులు తిరగేస్తుంటే నా కళ్ళ ముందు చింతచెట్టు కనిపించింది. జవాబు రాలేదు అంటే పని జరగలేదు అని కాదు. ఇంకా జరుగుతూ ఉండొచ్చు. టైమౌట్ అనేది మనం పెట్టుకున్న గీత. లోపలున్న నిప్పుకి ఆ గీత సంగతి తెలీదు.

మేము ఆ రాత్రి కోడు మార్చాం, డబ్బు వెనక్కిచ్చేశాం, మెయిళ్ళు పెట్టాం. మా తప్పులకి రోల్‌బ్యాక్ ఉంది. అదే తేడా.

సరే, కిందటేడు ఏప్రిల్‌కి వద్దాం. మనవడు ఆట ఆపి బయటికి వెళ్ళాక, ఇన్నేళ్ళూ గొంతులో పెట్టుకున్న మాట మామకి చెప్పేశాను. అమెరికాలో ఒకాయన చెప్పాడు మామా, పేలకపోతే ఒక్క నిమిషం అలాగే పట్టుకుని నిలబడాలంట, తడిసిన మందు ఆలస్యంగా అంటుకుంటుందంట, అని. ఎందుకు చెప్పానో నాకే తెలీదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ తరవాత చెప్పి ఏం లాభం? క్షమించమని అడగడానికి అది నాకు దొరికిన డొంకతిరుగుడు దారేమో.

మామ చాలాసేపు ఆలోచించాడు. తరవాత అన్నాడు:

"నిజిమే బాబూ. కానీ అంతమంది ఆడోళ్ళు నవ్వుతుంటే నిమిషం ఆగగలమేటి?"

నేను తల దించుకున్నాను. "నేనూ నవ్వాను మామా. జలుబు చేసిందని అన్నది నేనే."

"నువ్వేనేటి?" అని తువ్వాలు కింద చెయ్యి తీసి, మిగిలిన రెండు వేళ్ళతో నా భుజం మీద తట్టాడు. "మంచి మాటే అన్నావు. నాకూ నవ్వొచ్చింది. అందికే గదా తుపాకి దించీసినాను."

ఆయన దాన్ని ఓదార్పుగానే అన్నాడు. నాకు మాత్రం ఇంకా లోపలికి దిగింది.

ఇంతకీ నా లెక్కల్లో తప్పెక్కడుందో అప్పుడు తెలిసింది. ఉష్ణోగ్రత, పీడనం, తేమ, గాలి అన్నీ ఇచ్చాను. అన్నిటికీ అంకెలున్నాయి. తడిసిన మందు ఎన్ని సెకన్లు ఆలస్యం చేస్తుందో దానికి మాత్రం ఏ ప్రోగ్రాములోనూ గడి లేదు. ఆ సెకన్లలో మనిషి ఏం చేస్తాడు, చుట్టూ ఎవరున్నారు, ఎవరు నవ్వుతున్నారు అన్నదానికీ లేదు. వాన తుపాకిలోకి దూరినప్పుడు గుండు ఎక్కడికి పోతుంది అన్నది చిన్న ప్రశ్న. ఎప్పుడు పోతుంది అన్నదే పెద్దది. మనం చిన్న ప్రశ్నకి మూడు దశాంశ స్థానాల వరకు జవాబు కట్టి సంబరపడిపోతాం.

బయల్దేరేటప్పుడు మూడు దాటింది. అనంతగిరి వైపు మబ్బు కమ్ముతోంది. మనవడు ఫోను జేబులో పెట్టుకుని నా సంచీ కారు దాకా తెచ్చాడు. "ఒరే, మీ తాత చెయ్యి ఎలా పోయిందో తెలుసా?" అని అడిగాను. "తుపాకి పేలి" అన్నాడు. "కాదు. పేలలేదనుకుని" అని కారు డోరు పట్టుకుని నిలబడి మొత్తం చెప్పాను, వాన మొదలయ్యే దాకా. ఈసారి వాడు తలెత్తి విన్నాడు.

తా.క.: ఇది చదివి ఎవరూ వేట మీద సరదా పడొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక, అందులోనూ 1991 సవరణ తరవాత, మన దేశంలో వేట లైసెన్సులనేవే లేవు. పంట కాపలాకి మూతి నుంచి కూరే తుపాకి ఉంచుకోవాలన్నా 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు ఉండాలి. మామ తుపాకిని ఆ ఏడే నాన్నగారు దగ్గరుండి పోలీసులకి అప్పజెప్పించారు. ఇటుకల పండుగకి వెళ్ళాలనుకుంటే నిక్షేపంగా వెళ్ళండి. రోడ్డు మీద కర్ర అడ్డం పెడితే విసుక్కోకుండా చందా ఇవ్వండి. వాళ్ళు నవ్వితే మీరూ నవ్వండి.